ఆరున్నొకటి

ఇందాక ఒంగోలు ఆసుపత్రి వరండాలో ఎవరో వదిలేసిన పేపర్లో సుడోకు కనిపించింది. గుర్తుందా, అది కొత్తగా వచ్చినప్పుడు పెన్సిల్ కోసం ఇళ్లల్లో అందరం ఎలా కొట్టుకునేవాళ్లమో?

నా తొమ్మిదో ఏట అమ్మకి ఆపరేషన్. ఇలాంటి బల్ల మీదే నానమ్మా నేనూ కూర్చున్నాం. కల్లంలోంచి అలాగే వచ్చేసిందేమో, ఆవిడ చీరంతా మిరపకాయల ఘాటు. కళ్లజోడు మర్చిపోయింది. నేను గళ్లు చదువుతుంటే, తలుపు వైపే చూస్తూ మనసులో లెక్క కట్టేది. తేలినప్పుడల్లా మొహం కాస్త వెలిగేది.

"మూడో వరస చివరి గడి. ఆరున్నొకటి."

నేను ఆ ఒక్క గడిలోనే ఆరూ, ఒకటీ ఇరికించాను. కుదరలేదు.

"ఏడా నానమ్మా?"

"నోర్ముయ్. ఇవాళ ఆ మాట అనకు."

ధాన్యం కొలిచేటప్పుడూ ఆవిడ ఏడు అనేది కాదు, అందులో ఏడుపుందని. నేను అనేశాను. నర్సు తలుపు తెరిచి, అమ్మ బాగుందని చెప్పేదాకా నోరు చేత్తో మూసుకునే కూర్చున్నాను.

ఇవాళ లోపలున్నది మళ్లీ అమ్మే. మా పాప పేపర్ లాక్కుని, "అమ్మా, ఇక్కడ ఏ..." అంటోంది.

లెక్కల టీచర్ని నేను. దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టి, "ఆరున్నొకటి అనవే" అన్నాను.