నురగ సీసా

ఆ రసాయనాల ఫ్యాక్టరీలో వాడేసిన నీళ్ళను శుద్ధిచేసి మళ్ళీ కూలింగ్ టవర్లకు పంపే ఆపరేటర్‌ను అందరూ నురగాయన అంటారు. అతని కాలు ఒకచోట నిలవదు. నీళ్ళు బాగున్నాయని మీటర్లన్నీ చెబుతున్నా నమ్మడు. గంటకోసారి తన గాజుసీసాలో నీళ్ళు పట్టి, గిలక్కొట్టి, వెలుతురుకెత్తి, నురగ అణిగేదాకా ఊపిరి బిగబట్టి చూస్తాడు. నురగ నిలిచిందంటే నీళ్ళలో ఇంకా రసాయనం ఉన్నట్టే. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసునైనా అలాగే ఎత్తి చూస్తాడు. "తాగుతారా, పరీక్ష పెడతారా?" అంటుంది భార్య.

నిన్న పొద్దున నురగ అణగలేదు. మళ్ళీ పట్టాడు, మళ్ళీ అదే నురగ. పరుగున వెళ్ళి వాల్వు కట్టేశాడు. టవర్లకు నీళ్ళాగి రియాక్టర్లన్నీ ఆపాల్సి వచ్చింది. మేనేజరు తిట్లు లంకించుకున్నాడు. ల్యాబు అమ్మాయి వేరే సీసాలో పట్టి చూస్తే నీళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. అప్పుడతను తన సీసా మూత తీసి వాసన చూశాడు. గిన్నెలు తోమే సబ్బు! "తప్పు నాదేనండీ. రాత్రి సీసా టిఫిన్ సంచిలో పడి ఇంటికొచ్చేసింది," అని మాత్రం అన్నాడు.

సాయంత్రం గుమ్మంలోనే భార్య మురిసిపోతూ అడిగింది. "మసకబారిన సీసాని గంటసేపు తోమాను. ఎలా మెరిసిందో చూశారా?"

అతను చెప్పులైనా విప్పకుండా సంచిలోంచి సీసా తీసి కుళాయి కింద పెట్టి, గిలక్కొట్టి, లైటుకెత్తాడు.

"చూశాను. ఫ్యాక్టరీ ఫ్యాక్టరీయే ఆగి చూసింది."