నడుముకు మూడు ముళ్లు

పోర్ట్‌బ్లెయిర్‌లో పీటీ మాస్టరుగా చేరిన ఏడాదే నా పరువును స్కూలు మైదానమంతా ఈడ్పించుకున్నాను. మాటవరసకు చెప్పడం లేదండీ. నిక్కరు వెనకభాగం అరిగిపోయేలా, నిజంగానే ఈడ్పించుకున్నాను. కాస్త నవ్వాపుకుని వినండి.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. మద్రాసు ఓడ దిగేటప్పుడు పెట్టెలో రెండు తెల్ల నిక్కర్లు, ఒక ఈల, ఆటల నియమాల పుస్తకం ఉన్నాయి. బుర్రనిండా ధీమా ఉంది. ఓడలో వెళ్లాల్సిన మాయాబందర్‌లో జరిగే స్కూళ్ల పోటీలకు పిల్లల్ని ఎంపిక చేయడం నా పని. పరుగులో గౌరి అనే పిల్ల అందర్నీ వెనకేసి ముందొచ్చింది. అయినా పేరు కొట్టేశాను. చేతులు పుస్తకంలో బొమ్మలా ఊపలేదు మరి!

మర్నాడు వాళ్లమ్మ నూకాలమ్మ అబర్డీన్ బజార్‌లో చేపలమ్మి, ఖాళీ బుట్టతో నేరుగా నా దగ్గరికొచ్చింది.

"మేస్టరు బాబూ, మా గుంటకేటి తక్కువ? ఫస్టొచ్చింది కదా?"

"వస్తే చాలదమ్మా, టెక్నిక్ కావాలి. బలం ఎవరికైనా ఉంటుంది."

"టెక్నికుంటే బలాన్ని గెలిసీగలరేటి?"

"చిటికెలో! స్కూల్ డే నాడు తాడు లాగుదాం. ఇటు మా మాస్టర్లు, అటు మీ పేట ఆడవాళ్లు. మీరు గెలిస్తే గౌరి ఓడెక్కుతుంది."

"పక్కా?"

"పక్కా!"

హెడ్మాస్టరుగారు కంగారుపడ్డారు. "రోజూ వల లాగే మనుషులయ్యా వాళ్లు!"

"మీరు కుర్చీలో కూర్చుని చూడండి సార్," అన్నాను. ఆ రోజుల్లో నేను అందరికీ ఇలాగే అభయమిచ్చేవాణ్ణి.

స్కూల్ డే వచ్చింది. మా జట్టులో చివరి మనిషిని నేనే. తాడు కొసను నడుముకు చుట్టి మూడు ముళ్లు వేసుకున్నాను. అలా కట్టుకోకూడదని నియమాల పుస్తకంలో ఉంది. ఆ పేజీ పిల్లలకు చదివి వినిపించింది కూడా నేనే. పైగా రిఫరీనీ నేనే! "ఈల వినబడితే లాగాలి," అని ఆడవాళ్లకు చెప్పాను. ఎప్పుడు ఆపాలో చెప్పలేదు. ఎలాగూ ఓడిపోయేవాళ్లకు అదెందుకు?

ఈల ఊదాను.

ఆడవాళ్లు మావైపు చూడనైనా లేదు. వల లాగినట్టే వెనక్కి తిరిగి, తాడు భుజాన వేసుకుని, "హైలెస్సా" అంటూ నడక మొదలెట్టారు. లెక్కల మాస్టారు మొదట వదిలేశారు. హిందీ సారు "ఛోడో భయ్యా!" అని అరిచి పక్కకు దూకారు. క్షణంలో తాడుకు నేనొక్కణ్ణే మిగిలాను. సున్నం గీత దాటిపోయాను. లాంగ్‌జంప్ ఇసుక కూడా దాటిపోయాను. ఆపమని ఈల మీద ఈల ఊదాను. ఈల వినబడినకొద్దీ వాళ్లు మరింత ఊపుగా లాగారు. చెప్పిన మాట అంత శ్రద్ధగా విన్న శిష్యులు నాకు మళ్లీ దొరకలేదు.

చివరికి షామియానాలో ముఖ్య అతిథిగారి కాళ్ల దగ్గర ఆగాను. హెడ్మాస్టరుగారు ప్రోగ్రాం కాగితం తిప్పి చూశారు. "మాస్టారూ, ఇది ఏ ఐటమ్?"

నూకాలమ్మ అప్పుడు వెనక్కి తిరిగింది. "ఓలమ్మ! మేస్టరు బాబు! నువ్వింకా తాడు ఇడవలేదేటి?"

"ముడి... ముడి బిగుసుకుపోయిందమ్మా. మధ్యలో గీత ఉంది కదా, అక్కడే ఆగాలి!"

"వల ఒడ్డుకి రాకుండా ఎవులైనా ఆగుతారేటి?"

"సరే, గెలిచారు. ఈ ముడి కాస్త విప్పు."

ఆమె వంగి ముడి పట్టుకుంది. అందరికీ వినబడేలా అంది: "ముందు గుంట పేరు రాయి బాబూ. అప్పుడు ఇప్పుతాను."

ముఖ్య అతిథిగారు తన పెన్నే ఇచ్చారు. నేలమీద బోర్లా పడుకునే, ప్రోగ్రాం కాగితం మీద గౌరి పేరు రాశాను. పోటీల్లో ఆ పిల్ల చేతులు ఇష్టమొచ్చినట్టు ఊపుకుంటూనే పరిగెత్తి కప్పు తెచ్చింది. ఆ రోజు నేను అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను.

ఇక నా ప్రతిజ్ఞ. అండమాన్ సముద్రం మీద ఒట్టు, నా రెండో నిక్కరు మీద ఒట్టు: ఈ జన్మలో మళ్లీ నడుముకు తాడు కట్టుకోను. తప్పదంటే మాత్రం నూకాలమ్మ జట్టులోనే కట్టుకుంటాను.