పెనుకొండలో మునిగిన ఓడ

ధైర్యసాహసాలకు గుర్తింపుగా నాకిచ్చిన ప్రశంసాపత్రం ఇప్పటికీ హిందూపురంలో మా ఇంటి హాల్లోనే ఉంది. మా ఆవిడ దానికి ఫ్రేము కట్టించింది. వచ్చిన చుట్టాలు దాన్ని చదివి, నన్ను ఒకసారి కింది నుంచి పైదాకా చూసి, అచ్చుతప్పేమోనని మళ్లీ చదువుతారు. వాళ్ల అనుమానం సబబే.

కార్గిల్ యుద్ధం జరిగిన ఏడాది అది. నేను ధర్మవరంలో ఒక బాలికల హైస్కూల్లో సోషల్ చెప్పేవాణ్ణి. రోజూ హిందూపురంలో ప్యాసింజరెక్కి పోయి, మళ్లీ ప్యాసింజర్లోనే వచ్చేవాణ్ణి. పంద్రాగస్టుకు పెనుకొండలో చుట్టుపక్కల బడులన్నిటికీ దేశభక్తి నాటికల పోటీ పెట్టారు. అందరూ కొండ మీది యుద్ధమే వేస్తారని మా హెడ్మాస్టరు ముందే కనిపెట్టాడు. నాలుగు బెంచీల మీద తెల్ల దుప్పటి కప్పితే మంచుకొండ తయారు. మనం సముద్రం మీద కొడదామప్పా అన్నాడాయన. ఆయన గానీ నేను గానీ అప్పటికి సముద్రం చూసిన పాపాన పోలేదు.

సోషల్ పుస్తకంలో పెర్ల్ హార్బర్ గురించి నాలుగు వాక్యాలున్నాయి. ఒక ఆదివారం పొద్దున, చెప్పాపెట్టకుండా, జపాను విమానాలు వచ్చి అమెరికా నౌకాస్థావరం మీద బాంబులు కురిపించాయి. ఓడలు మండుతున్నా నావికులు ఫిరంగులు వదిలిపెట్టలేదు. ఆ నాలుగు వాక్యాలను నేను అరగంట నాటిక చేశాను. అణుపరీక్షలు చేశామని అమెరికా మన మీద ఆంక్షలు పెట్టిన రోజులవి. ధర్మవరం ఆడపిల్లలు అమెరికా కోసం చస్తే అది దేశభక్తి ఎట్లవుతుందని తెలుగు మేడం అడిగింది. ధైర్యానికి దేశం లేదు మేడం అన్నాను. అప్పట్లో నా దగ్గర ఇలాంటి వాక్యాలకు కరువుండేది కాదు.

పాత్రలు పంచే దగ్గర గొడవైంది. అందరికీ జపాను విమానాలే కావాలి. చేతులు చాపుకుని అరుస్తూ పరిగెత్తొచ్చు, బాంబులు వేయొచ్చు. నావికులకు చావడం తప్ప వేరే పని లేదు. చివరికి ఆరో తరగతి పిల్లలిద్దరిని బతిమాలి చచ్చిన నావికులుగా పడుకోబెట్టాం. ఇక ఫిరంగి దగ్గర ఆఖరిదాకా కూర్చునే నావికుడు కావాలి. తొమ్మిదో తరగతిలో ఒక నేతపనివాళ్ల పిల్ల ఉండేది. బడికి ముందూ బడి తర్వాతా వాళ్ల నాయన పక్కన మగ్గం మీద సాయం కూర్చునేది. పట్టుపోగు చేతిలో ఉన్నప్పుడు దోమ కుట్టినా కదలకూడదట, కదిలితే పోగు తెగుతుందట. ఆ పిల్ల కూర్చున్నంత నిలకడగా మా స్టాఫ్ మీటింగులో కూడా ఎవరూ కూర్చోలేరు. మాటల్లేని ఆ వేషం ఆమెకే ఇచ్చాను.

ఓడకు సామాను కోసం వాళ్లింటికి పోయాను. మూలన పడేసిన పాత మగ్గముంది, తీసుకుపొమ్మన్నాడు వాళ్ల నాయన. ఆ తర్వాత అసలు సంగతి చెప్పాడు. దసరాకు పిల్లను బడి మాన్పించి, కొత్తగా పెట్టే రెండో మగ్గం మీద కూర్చోబెడతాడట. నేను పంతుల్ని గనక వాదించాను. పిల్ల చక్కగా చదువుతుంది, పదో తరగతి దాకానైనా పంపమన్నాను. ఆయన చాలాసేపు విని, తాపీగా జవాబిచ్చాడు.

"చదువు వస్తాదని మీరంటాండారు. నాకేం తెలుస్తాది సార్? నలుగురిలో నా కూతుర్ని పేరు పెట్టి పిలిచి ఎవురన్నా ఒక కాగితం ఇస్తే, అప్పుడు నమ్ముతా. పది దాకా నేనే పంపిస్తా."

నాటికకు ప్రైజు వస్తే వేషం కట్టిన పిల్లలందరికీ సర్టిఫికెట్లిస్తారు. ప్రైజు తప్పక వస్తుంది, పూచీ నాది అన్నాను. తలుపు పక్కన నిలబడి ఆ పిల్ల మా మాటలన్నీ విన్నది.

మా యుద్ధనౌక ధర్మవరం నుంచి పెనుకొండకు ప్యాసింజరు రైల్లో పోయింది. మగ్గం చట్రమే ఓడ. డిజైను అట్టలు ఆడే జాకార్డు పెట్టె కెప్టెన్ గది. నేసిన చీర చుట్టే గుండ్రటి దూలం ఫిరంగి. నీలం చీరలు కలిపి కుట్టిన సముద్రాన్ని పిల్లలు మడత పెట్టి ఒళ్లో పెట్టుకున్నారు. ఇదంతా ఏందని టీసీ అడిగాడు. ఓడ అని చెబితే, మా హెడ్మాస్టరు మొహం చూసి ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయాడు.

పంద్రాగస్టు ఆ ఏడు ఆదివారమే పడింది. పెనుకొండ కొండ కింద మైదానంలో వేదిక. పక్కనే పాత రాతి మంటపం, దాని చూరుకు చేటంత తేనెతుట్టె. నేను దాన్ని చూశాను. చూసి కూడా, బాంబుల పొగ కోసం తడిగడ్డీ పాత సైకిలు టైరూ ఆ మంటపం పక్కనే పెట్టించాను, గాలి అటు నుంచి వేదిక మీదికి వీస్తోందని. సైన్సు నా సబ్జెక్టు కాదు.

నాటిక మొదలయ్యే ముందు పిల్లలను నిలబెట్టి ఉపన్యాసమిచ్చాను. ఏం జరిగినా సరే, నేను ఈల ఊదేదాకా ఎవరూ తమ స్థానం వదలకూడదు, ఆ నావికులు వదిలారా అని అడిగాను. డ్రిల్లు సార్ దగ్గర అడిగి తెచ్చుకున్న ఈల నా మెడలో వేలాడుతోంది. ముఖ్య అతిథి సైనికుల త్యాగం గురించి అరగంట మాట్లాడి ముందు వరుసలో కూర్చున్నాడు. జపాను విమానాలు అరుచుకుంటూ వచ్చాయి. టైరు అంటించాం.

ఆ తర్వాత జరిగిన దాడి నేను రాసింది కాదు. ముందు జపానువాళ్లు పారిపోయారు. అదీ నాటికలో భాగమేననుకుని జనం చప్పట్లు కొట్టారు, ఆ వెంటనే వాళ్లూ లేచి పరిగెత్తారు. ముఖ్య అతిథి కండువా తలకు చుట్టుకుని జీపులో దూరాడు. హెడ్మాస్టరు దగ్గర్లోని ఆఫీసు గదిలోకి పోయి లోపల గడియ పెట్టుకున్నాడు. నేను కాళ్లకు బుద్ధి చెప్పాను. మెడలో ఈల అటూ ఇటూ కొట్టుకుంటుంటే బస్టాండు దాకా ఆగలేదు. అక్కడొక హోటల్లోకి దూరి పొయ్యి వెనకాల కూర్చున్నాను. తేనెటీగలు కుట్టి కిందిపెదవి వడ మాదిరి వాచింది. హోటలాయన చెంబుతో నీళ్లిచ్చి, పిల్లోళ్లు యాడ సార్ అని అడిగాడు. అప్పటిదాకా వాళ్లు నాకు గుర్తు రాలేదు. ఈ మాట ఎక్కడా చెప్పలేదు గనక ఇక్కడ రాస్తున్నాను.

తిరిగి పోయేసరికి మైదానంలో పడిపోయిన కుర్చీలూ, చెప్పులూ తప్ప జనం లేరు. ఈగలు కూడా పోయాయి. ఓడ అలాగే నిలబడి ఉంది. ఫిరంగి దగ్గర ఆ పిల్ల కూర్చుని ఉంది. సముద్రాన్నంతా ఓడ మీదికి లాగి, చచ్చిన నావికులిద్దరినీ దాని కింద కప్పేసింది. ఒక కొంగు తన మొహానికి చుట్టుకుంది. ఈగలు లోపలికి దూరకుండా అంచులను రెండు చేతులతో నేలకు అదిమి పట్టింది. ఆ చేతులు మాత్రం బయటే ఉండిపోయాయి. అవి వాచి ఎర్రగా ఉన్నాయి, పిడికిళ్లు విప్పలేదు. నన్ను చూసి కూడా ఆమె లేవలేదు. ఎందుకు లేవడం లేదో అర్థం కావడానికి నాకు కాస్త టైం పట్టింది. ఈల నోట్లో పెట్టుకున్నాను. వాచిన పెదవుల మధ్య నుంచి ఉత్త గాలి వచ్చింది. ఇంక లెయ్యమ్మా అన్నాక లేచింది. కింద ఉన్న పిల్లలిద్దరికీ ఒక్క కాటు కూడా పడలేదు.

పైవాళ్లు వివరణ అడిగేలోపే హెడ్మాస్టరు నివేదిక తయారుచేశాడు. పొగ ఎవరు పెట్టారు, పిల్లలను వదిలేసి ఎవరు పోయారు అనే ప్రశ్నలు అందులో లేవు. సోషల్ టీచరు ప్రాణాలకు తెగించి విద్యార్థినులను కాపాడాడని ఉంది. నా పెదవే సాక్ష్యం. నాకు చదివి వినిపించి, ఇట్లయితే ఇద్దరం బయటపడతామప్పా, ఏమంటావన్నాడు. మౌనం అర్ధాంగీకారమంటారు, నాది పూర్తి అంగీకారమే. పెదవి వాచినందువల్ల మాట్లాడలేకపోయానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. వాపు మూడో రోజుకే తగ్గింది.

పోటీ రద్దయింది గనక ప్రైజూ లేదు, సర్టిఫికెట్లూ లేవు. ఆ దాడి మీద ప్రభుత్వం ఇచ్చింది ఒకే ఒక్క కాగితం. దసరా సెలవులకు ముందు, ప్రార్థనలో, నలుగురిలో పేరు పెట్టి పిలిచి నాకిచ్చారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. మూడో వరుసలో నిలబడి ఆ పిల్ల కూడా కొట్టింది, చేతుల మీద మచ్చలు ఇంకా పోలేదు. ఆ కాగితం మీద పేరొకటి మారి ఉంటే ఆమె చదువు పది దాకా సాగేది. అది తెలిసినవాళ్లం అక్కడ ఇద్దరమే, ఇద్దరం నోరెత్తలేదు. ఆమె చిన్నపిల్ల, నాకు ఆ సాకు కూడా లేదు.

సెలవుల తర్వాత ఆమె బడికి రాలేదు. హాజరుపట్టీలో కొన్నాళ్లు ఆబ్సెంటు వేసి, ఆనక పేరు కొట్టేశాను. వాళ్ల నాయనకు నిజం చెప్పేద్దామని రెండుసార్లు వాళ్ల సందు దాకా పోయాను. లోపలి నుంచి రెండు మగ్గాల చప్పుడు వినబడింది. రైలుకు టైమైందని వెనక్కి వచ్చేశాను.

ఎనిమిదేళ్ల తర్వాత మా అమ్మాయి పెళ్లి చీర కోసం నేనూ మా ఆవిడా ధర్మవరం పోయాం. అంగట్లో కంటే నేసేవాళ్ల ఇంట్లో కొంటే మేలని తెలిసినాయన ఒకరు ఒక ఇంటికి తీసుకుపోయాడు. గుంతలో కాళ్లు పెట్టుకుని మగ్గం మీద కూర్చున్న మనిషి తలెత్తింది. నేను గుర్తుపట్టేలోపే, బాగుండారా సార్ అని పలకరించింది. ఆ బడి పిల్లేనని తెలిశాక మా ఆవిడ హుషారుగా ప్రశంసాపత్రం సంగతి ఎత్తింది. తేనెటీగల నుంచి సార్ కాపాడిన పిల్లల్లో నువ్వూ ఉన్నావా అని అడిగింది. నేను నేల చూపులు చూస్తున్నాను.

"ఉండాను అమ్మా," అంది ఆమె.

మా ఆవిడ కన్ను గోడ పక్కనున్న మడతల మీద పడింది. కాస్త లేచి ఆ ఎర్రచీర చూపించమ్మా అని అడిగింది. ఆమె చేతిలో పోగుంది. తెగకుండా దాన్ని అట్లాగే పట్టుకుని, నా వైపు చూసి నవ్వింది.

"ఎట్ల లేసేదమ్మా? సార్ ఇంకా ఈల ఊదనే లేదు గదా."

మా ఆవిడ అది తమాషా అనుకుని నవ్వింది. ఆమె మాటలో కోపం లేదు, ఉంటే నాకు తేలికయ్యేది. ఆమె నేస్తున్న వరస అయ్యేదాకా నిలబడి, ఎర్రచీరే కొనుక్కుని బయటపడ్డాం.

ఇంటికొచ్చిన మర్నాడు ప్రశంసాపత్రం దించేద్దామని స్టూలు వేసుకుని ఎక్కాను. ఫ్రేము మేకు నుంచి ఊడదీశాను కూడా. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, ఎందుకు తీస్తున్నారని అడిగింది. దుమ్ము పట్టింది, తుడుద్దామని అన్నాను. తుడిచి, మళ్లీ అదే మేకుకు తగిలించాను.