ముక్క మునిగేదాకా నూనె

నూనె గురించి కనకరత్నానికి పాఠం చెప్పబోయారో, అయిపోయారన్నమాటే! తణుకు నుంచి గాజువాకకి కాపురానికొచ్చి ఎన్నేళ్ళయినా, పప్పునూనె చుక్క వేలికి రాసుకుని వాసన చూసిందంటే మంచిచెడ్డలు చెప్పేస్తుంది. అంతటి మనిషినీ ఒక నూనె ముప్పుతిప్పలు పెట్టింది. అది ఆవిడ చెరకురసం బండి ఇంజన్‌లో పోసే నూనె.

ఆ బండంటే ఆవిడకి ప్రాణం. ఇంట్లో గోడలతో మాట్లాడి విసుగెత్తి పెట్టుకున్న బండి మరి. ఇప్పుడు పొద్దస్తమానం మనుషులే, కబుర్లే. స్టీల్‌ప్లాంట్‌లో క్రేన్ నడిపే మొగుడు తిరుమలరావుకి మాత్రం అది సవతి. వేడన్నం కరువైందని ఆయన గొణుగుడు. ఎండకి ఇంజన్ మాటిమాటికీ ఆగిపోతుంటే సందు దొరికిందనుకుని, ఎలమంచిలి నుంచి వరహాలు అనే బేరగాణ్ణి రమ్మన్నాడు.

"రేపాయన వచ్చేసరికి బండి సవ్యంగా తిరిగితే నీది. లేదా, ఇచ్చేద్దాం" అన్నాడు.

ఆవిడ పరుగున గోపి ఆయిల్ కొట్టుకెళ్ళింది.

"ఇప్పుడేటి పోస్తన్నావక్కా?" అడిగాడు గోపి.

"మా ఆయన కారులో పోయగా మిగిలింది. ఖరీదైందేనండోయ్!"

"అదే మరి! కారు ఇంజన్ సల్లారడానికి నీళ్ళుంతాయి. నీ ఇంజన్‌కేటున్నాది? గాలీ, ఈ ఆయిలూ, అంతే. మన ఎండకి ఆ పల్సటిది ఆగుతాదా? ముప్పై నంబరు ఆయిల్ పట్టుకెల్లు."

ఎంత పొయ్యాలో అడగడానికి కనకరత్నానికి నామోషీ వేసింది. నూనె పొయ్యడం తనకి ఒకరు చెప్పాలా!

మర్నాడు పాత ఆయిల్ దించేసి కొత్తది అందుకుంది. ఆవకాయలో ముక్క మునిగి పైన నూనె తేలితేనే కదా ఏడాదంతా నిలిచేది? ఇంజన్‌కీ ధారాళంగా, మూత అంచుదాకా పోసేసింది. తాడు లాగింది. అంతే! దోమల మందు కొట్టే బండొచ్చినట్టు గుప్పున పొగ. రసానికొచ్చినవాళ్ళు ముక్కులు మూసుకుని పారిపోయారు.

సరిగ్గా అప్పుడే తిరుమలరావు వరహాల్ని వెంటబెట్టుకుని దిగాడు.

"ఏటి బావా, బండి సూపిత్తానని పిలిసి పొగెడతన్నావ్?" అన్నాడు వరహాలు దగ్గుతూ. తిరుమలరావు మీసాల చాటున నవ్వుకున్నాడు.

కనకరత్నానికి ఏడుపు ముంచుకొచ్చింది. ఇంజన్ ఆపేసి గోపికి ఫోన్ చేసింది. "ఆవకాయకి పోసినట్టు పోసేశాను తమ్ముడూ!"

"ఓలమ్మా! మూతకి పుల్లుంతాది సూడక్కా. దాని మీద గీత దాటకూడదు. ఎక్కువైంది దించెయ్, కాసేపటికి పొగ తగ్గిపోద్ది."

గీతదాకా దించింది. తాడు లాగింది. పొగ పలచబడింది, ఇంజన్ నిలకడగా అందుకుంది. ఎండ దిగేదాకా ఒక్కసారీ ఆగలేదు. అల్లం, నిమ్మకాయ వేసి చెరకు మీద చెరకు ఆడిస్తూనే ఉంది ఆవిడ. జనం మళ్ళీ మూగారు.

వరహాలు అక్కడే కూర్చుని అంతా చూశాడు, గ్లాసు మీద గ్లాసు తాగాడు. "బండి బాగున్నాది బావా. ఎంతకిత్తావ్?"

కనకరత్నం చేతిలో గడ అలాగే ఆగిపోయింది.

తిరుమలరావు పెళ్ళాం వంక చూశాడు. చెంప మీద ఆయిల్ మరక, నుదుటి నిండా చెమట, బిక్కుబిక్కుమంటున్న కళ్ళు.

"నన్నడుగుతారేంటండీ? బండి ఆవిడది" అన్నాడు. లుంగీ ఎగ్గట్టి, "నేను గ్లాసులు కడగడానికొచ్చానండి" అంటూ బకెట్ ముందు కూర్చున్నాడు.