వంగని లోసా

మా అక్క లోసాకి లోపలి చెవి జబ్బు. చెవిలో హోరు పుట్టి, ఉన్నట్టుండి ఇల్లంతా గిర్రున తిరుగుతుంది. తల వంచిందంటే మరీను. పూర్తిగా నయమయ్యేది కాదని, ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పాడు. ఇక తాజా చేప ఆమెకి, ఉప్పు కూరిన డబ్బా మాంసం మాకు. చాపలు అల్లేచోట మేమంతా నేలమీద, మహారాణి మాత్రం కుర్చీలో.

మా సమోవాలో కూర్చున్న పెద్దల ముందునుంచి వెళ్ళాలంటే నడుం వంచి, "తులో" అని మన్నింపు అడగాలి. లోసా వంగదు. తల తిరుగుడో, తలపొగరో కొత్తవాళ్ళకి తెలియదు.

మేనకోడలి పెళ్ళికి కానుకగా మేమిద్దరం అల్లిన సన్నచాపని పెద్దల ముందుకి మోసుకెళ్ళే గౌరవం, వయసులో పెద్దదని, ఆమెకే ఇచ్చారు. నాకు ఒళ్ళు మండింది.

"వంగలేవు కదే అక్కా, నాకియ్యి."

"నువ్వు పక్కన నడువు. ఎలాగూ నీ నడుం వంకరే, ఇద్దరి తరఫునా వంగు."

సగం దూరంలో ఆమెకి హోరు మొదలైంది. చాప నేల తాకితే ఇంటి పరువు పోతుంది. నేను వంగి భుజం అందించాను. దానిమీద చెయ్యేసి ఆమె నిటారుగా నడిచింది. ఇద్దరి "తులో" నేనే గట్టిగా చెప్పాను.

"ఎంత దర్జాగా నడిచిందమ్మా లోసా" అన్నారందరూ.

"నన్నెవరూ చూడలేదా?" అన్నాను.

"వంగినదానివి ఎలా కనిపిస్తావే?" అంది అక్క, కుర్చీలో కూర్చుంటూ.

ఆ పూట కూడా తాజా చేప ఆమెకే వడ్డించారు.