పసుపు గిన్నె

మోత్కూరు దగ్గర మా ఊరు. మా అత్త పేరెత్తితే నాకు ఆమె చేతిలోని పసుపు గిన్నే కనిపిస్తుంది. నా తొలిచూలు కొడుక్కి రోజూ ఒళ్ళంతా పసుపు రుద్ది నీళ్ళు పోసేది. రజాకార్ల భయంతో కిటికీలు, తలుపులు ఎప్పుడూ బిగించే ఉండేవి. దీపం వెలుగులో వాణ్ణి చూసి నాకు కామెర్లేమోనని దిగులు.

"పిలగాడు పచ్చగైతుండు అత్తా."

"పసుపే పిల్లా, ఏం గాదు."

వాడు పాలు మానేసినా అదే మాట.

పటాలం వచ్చి రజాకార్లు పారిపోయిన పొద్దున తలుపులు తీశాం. ఎండ వెలుతురులో వాడి కళ్ళు తంగేడు పువ్వుల్లా ఉన్నాయి.

"కండ్లల్ల గూడ పసుపు రుద్దినవా అత్తా?" అని అరిచాను. భువనగిరి దవాఖానకు బండి కట్టాం. దారిలోనే వాడు పోయాడు.

రెండో కాన్పుకూ అదే గిన్నె తెచ్చింది. కానీ ముందు పాపను గడప దాటించి, ఎండలో కంటి రెప్ప విప్పి చూసింది. ఆ తర్వాతే పసుపు ముట్టింది. ఇరుగుపొరుగు ఆమె జాగ్రత్తను మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఇంత తెలిసిన మనిషి నా కొడుకు రెప్ప ఎందుకు విప్పలేదు?