బాలసుందరం గారు కడిగిన గాజుగొట్టం

వాషర్‌మెన్‌పేటలో బాలసుందరం గారి కుటుంబానిది మూడు తరాల ఖాళీ సీసాల వ్యాపారం. వాడి పారేసిన సీసాలను కొని, కడిగి, తిరిగి అమ్మేవారు. నూనె సీసాను వాసన మిగలకుండా కడగడం ఆయన పదేళ్ళ వయసుకే నేర్చారు. ఆ చేతులతోనే నగరంలోని ఒక సముద్రజీవుల పరిశోధనశాలలో సహాయకుడిగా చేరి, ముప్ఫై ఒక్క సంవత్సరాలు పనిచేశారు.

అంటార్కిటికా సముద్రం అడుగున దొరికిన స్పంజికలు అక్కడికి ఆల్కహాలు సీసాలలో వస్తాయి. మొక్కల్లా కనిపించినా ఇవి జంతువులే. ఆల్కహాలులో రంగు పోతుంది; ఒకే జాతి ఒకచోట గిన్నెలా, మరొకచోట వేళ్ళలా పెరుగుతుంది. కనుక రూపాన్ని నమ్మడానికి వీలులేదు. వాటి దేహంలో దాగిన అతిసూక్ష్మమైన గాజుసూదుల ఆకారమే అసలైన ఆనవాలు. చిటికెడు ముక్కను గాజుగొట్టంలో వేసి ఆమ్లంతో కాచితే దేహం కరిగిపోయి సూదులు మిగులుతాయి. వాటిని గాజుపలకపై పరిచి ఇవ్వడమే బాలసుందరం గారి పని. ఒకసారి వాడిన గొట్టాన్ని మరల వాడరాదన్నది అక్కడి నియమం; సూదులు దాని గోడలకు అంటుకొనిపోతాయి. చక్కని గొట్టాలను చెత్తబుట్టలో వేసిన ప్రతిసారీ ఆయన ప్రాణం ఉసూరుమనేది.

ఒక శుక్రవారం కొత్త గొట్టాలు అయిపోయాయి. ఇంకొక్క ముక్క మిగిలింది. ఆయన వాడిన గొట్టాన్నే ఐదుసార్లు కడిగి, వెలుతురులో తిప్పి చూసి, పని ముగించారు.

బుధవారం పరిశోధకురాలు శ్రేయ ఆయనను సూక్ష్మదర్శిని దగ్గరకు పిలిచింది.

"మామా, ఈడికి రండి! శుక్రవారం మీరు ఆఖరున చేసిన పలక ఇది. అన్నీ సాదా సూదులే కదా, నడుమ పడవ లంగరు మాదిరి ఉండే ఈ చిన్న సూదులు చూడండి. ఇట్లాంటిది ఎవురూ రాయలేదు. కొత్త జాతి! పేరు కూడా అనుకున్నా. సోమవారం వ్యాసం పంపించేస్తా."

"లంగర్లు ఎన్నుండాయి పాపా?"

"నాలుగు. చాలదా ఏంది?"

ఆ శుక్రవారం అదే గొట్టంలో అంతకుముందు కాచిన స్పంజిక నిండా లంగర్లేనని ఆయనకు గుర్తుకు వచ్చింది. మధ్యాహ్నం పెరుగన్నం డబ్బా మూత తీయలేదు. ఉద్యోగవిరమణకు రెండు నెలలే ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఆయన పలకను తప్పుపట్టినవారు లేరు. ఊరకుంటే ఎవరికీ తెలియదు. కాని లేని జాతి ఒకటి ఆ అమ్మాయి పేరుతో పుస్తకాలకెక్కుతుంది.

మూడు గంటలకు శ్రేయ బల్ల దగ్గరకు వెళ్ళి నిలబడ్డారు.

"పాపా, ఆ గొట్టం నేను కడిగి వాడిందిమ్మా."

"ఊరికే ఆటపట్టించకండి మామా."

"నిజంగానే. పెట్టె అయిపోయింది. ఐదుసార్లు కడిగినా."

"ఐదుసార్లా! మీ తాత ఉంటే మెచ్చుకునుంటాడు." ఆమె ఆ పలకను తీసి పక్కన పెట్టింది.

"తాత కడిగింది నూనె సీసాలమ్మా. సూదులుండేవి కాదు."

ఆ స్పంజికనుండే మరొక ముక్క తీసి, కొత్త గొట్టంలో కాచి, మరునాడు మూడు పలకలు చేశారు. శ్రేయ సాయంత్రం వరకు వెదకినా ఒక్క లంగరు కనిపించలేదు. అది ఏనాడో పేరు పెట్టిన పాత జాతే. ఆమె తన పుస్తకంలో రాసుకున్న పేరును కొట్టివేసింది.

"తిట్టమ్మా, పరవాలేదు," అన్నారాయన.

"తిట్టేది తర్వాత. పంపించి ఉంటే అందరూ నవ్వుండేవాళ్ళు. ఇంకా నలభై సీసాలుండాయి. మీరు పోయేలోపు అన్నీ మీరే చెయ్యాల. వేరేవాళ్ళైతే చెప్పేవాళ్ళా?"

బాలసుందరం గారు ఆ రోజు వాడిన గొట్టాన్ని బుట్టలో వేశారు. ఠంగుమన్నది. ఈసారి ఆయన తిరిగి చూడలేదు.

"ఇంతకీ ఏం పేరు అనుకున్నావు పాపా?"

"చెప్పను. ఆ నలభైలో ఒకటి దొరక్కపోతుందా?"

ఆయన నవ్వుతూ కొత్త గొట్టం అందుకున్నారు.